దొడ్డమ్మ తీర్థం బట్టలు

దొడ్డమ్మ పోయిందని మా తమ్ముడు ఫోను చేసేసరికి ఉదయం ఏడు దాటింది. నేను ఆమదాలవలసలో మా వంటింట్లో దోసెల పెనం మీద నీళ్ళు చల్లుతున్నాను. "అక్కా, దొడ్డమ్మ..." అని ఆగిపోయాడు. ఇంక వాడు చెప్పక్కర్లేకపోయింది. ఎప్పటిలాగే లేచిందట, కాఫీ తాగిందట. వీధరుగు వైపు కుర్చీలో కూచుని, "ఆ తలుపు తియ్యండి, గాలి రానీండి" అని పెదనాన్నతో అందట. ఆయన తలుపు తీసి వెనక్కి తిరిగేలోపే అయిపోయింది.

పొయ్యి కట్టేసి అక్కడే పీట మీద కూలబడ్డాను. ఆ క్షణాన నాకు మొట్టమొదట ఏం తోచిందో చెబితే నవ్వుతారు. అయ్యో, కొలతలు పంపలేదే అనుకున్నాను.

అంతకు రెండు వారాల ముందు ఆవిడ ఫోను చేసింది. "ఒసే బుల్లీ, కొలతలు పంపవేటే? దర్జీ వచ్చి కూకున్నాడు" అంది.

"దొడ్డమ్మా, నాకు యాభై వస్తన్నాయి. ఇంకా నాకు తీర్థం బట్టలేటి?"

"యాభై వస్తే తప్పిపోవేటి? ఇప్పుడే ఎక్కువ తప్పిపోతావు."

"పనులున్నాయి. సూస్తాన్లే."

"సూస్తానంటే రానని. ఇన్నేళ్ళు కొట్లో కూకున్నాను. మల్లీ వచ్చి సూస్తాం అన్నోల్లు ఎంతమంది వచ్చారో నాకు తెలీదేటి?" అని ఫోను పెట్టేసింది. కోపంగా కాదు, నవ్వుతూనే. కానీ ఆవిడ నాతో ఆడిన ఆఖరి మాట అదే అయింది. నేను ఆవిడకిచ్చిన ఆఖరి మాట, సూస్తాన్లే.

దొడ్డమ్మ అంటే మా నాన్నకి అన్నగారి భార్య. బొబ్బిలి పిల్ల. గజపతినగరంలో మా బట్టల కొట్టు ఇంటికి పెద్ద కోడలుగా వచ్చింది. మావైపు జాతరను తీర్థం అంటాం. దసరా వెళ్ళాక విజయనగరంలో పండగ జరుగుతుంది, దాని వెనకే మైదానంలో ఎగ్జిబిషన్ పెడతారు. పండగ రోజు జనంలో పిల్లల్ని తీసుకెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు. జనం పల్చబడ్డాక ఒక ఆదివారం చూసి, ఇంట్లో పిల్లలందర్నీ వేసుకుని రైల్లో తీసుకెళ్ళేది. ఆవిడ పిల్లలు ముగ్గురు, మేం నలుగురం, మా మేనత్త పిల్లలు నలుగురు. మొత్తం పదకొండు మంది. పెద్దవాళ్ళలో దొడ్డమ్మ, మేనత్త, అంతే. పెదనాన్న రాడు. కొట్టు కట్టేసి తీర్థానికి వెళ్ళడమంటే ఆయన దృష్టిలో ఇల్లు తలుపులు బార్లా తీసి ఊరెళ్ళిపోవడంతో సమానం.

ఆ ఒక్క రోజు కోసం దొడ్డమ్మ శ్రావణం నుంచీ ఏర్పాట్లు చేసేది. మొదటి ఏర్పాటు గుడ్డ. జనంలో పిల్లలు చెదిరిపోకుండా, దూరం నుంచి ఆనవాలు పట్టడానికి, మా అందరికీ ఒకే తానులోంచి బట్టలు కుట్టించేది. ఆడపిల్లలకి గౌన్లు, మగపిల్లలకి చొక్కాలు, తనకీ అత్తకీ జాకెట్లు. ఇది బానే ఉంది. కానీ మాది బట్టల కొట్టు. బట్టల కొట్టువాళ్ళు మంచి గుడ్డ అమ్ముకుంటారు, అమ్ముడుపోని గుడ్డ తొడుక్కుంటారు. ఆ ఏడు ఎవరూ ముట్టని తాను ఏదుంటే అదే మా తీర్థం బట్ట. పెద్ద పెద్ద చక్రాలది ఒక ఏడు. నాచు రంగు మీద చేపలది ఒక ఏడు. ఆ చేపలది తొడుక్కుని మా పెద్దన్నయ్య రైలు బాత్రూములోంచి బయటికి రానని మొరాయించాడు.

అందుకని శ్రావణం వచ్చిందంటే మేం బడి వదలగానే కొట్లో చేరిపోయేవాళ్ళం. అన్నిటికన్నా దరిద్రంగా ఉన్న తాను ఏదో పిల్లలందరికీ తెలుసు. అది ఎలాగైనా అమ్ముడైపోవాలి. ఎవరైనా బేరానికి వస్తే చాలు, చుట్టూ చేరి ఆ గుడ్డనే పొగిడేవాళ్ళం. మా వ్యాపార దక్షత చూసి పెదనాన్న మురిసిపోయేవాడు. దాని వెనక ప్రాణభయం ఉందని ఆయనకి తెలీదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు వచ్చింది ఆ పసుపు గుడ్డ. ముదురు పసుపు మీద వంకాయ రంగు పువ్వులు, ఒక్కోటి అప్పడమంత. అందరూ ముట్టుకుని పెట్టేసేవాళ్ళు. ఒక రోజు పల్లెటూరి రైతొకాయన కూతురికి గౌను గుడ్డ కోసం వచ్చాడు. నేను ఎదురెళ్ళి, "మావా, ఇది తీస్కో. ఉతికినా రంగు పోదు. మా ఇంట్లో అందరం ఇదే తొడుక్కుంటాం" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన నా వైపు చూసి, "నీయంతే ఉంటాది మా గుంట. అయితే దానికీ ఇదే కొయ్యండి" అన్నాడు. ఒక గౌనుకి పోయింది. మిగతా తాను మా మీదకే వచ్చింది.

గుడ్డ తరవాత మిగతా ఏర్పాట్లు. ముందు రోజు సాయంత్రం అందర్నీ వరసగా కూచోబెట్టి అప్పజెప్పించేది. పులిహోర ఎవరు మొయ్యాలి, మంచినీళ్ళ మరచెంబు ఎవరు మొయ్యాలి, ఏ పెద్ద పిల్ల ఏ చిన్న పిల్ల చెయ్యి పట్టుకోవాలి. గారెలు ముందు తినెయ్యాలి, చేగోడీలు ఆఖర్న. రంగులరాట్నం ఎక్కాకే తిండి, తిన్నాక ఎక్కకూడదు. పీచుమిఠాయి ఇంటికొచ్చేముందు. కొత్త చెప్పులు మాత్రం ససేమిరా. "కొత్త సెప్పులేస్కుంటే తీర్థంలో కాల్లు సూస్కుంటారు గాని తీర్థమేటి సూస్తారు?" అనేది. ఆ మాట నేను నా పిల్లలకి వాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా చెప్పాను.

పిల్లల్ని లెక్కపెట్టడం ఆవిడ స్వయంగా చేసేది. ఒక్కో తల మీదా చెయ్యేసి, ఒకటి, రెండు, మూడు అనుకుంటూ. ఆ పసుపు గౌన్ల ఏడు కూడా తిరుగు ప్రయాణంలో మైదానం గుమ్మం దగ్గర లెక్కపెట్టింది, పదకొండు. విజయనగరం స్టేషన్లో లెక్కపెట్టింది, పదకొండు. అందరూ రైలెక్కారు. రైలు కదిలింది. మిగిలిన పులిహోర విప్పి, పేరుపేరునా పిలిచి చేతిలో పెడుతోంది.

"బుల్లీ, ఇందా."

ఒక చిన్న చెయ్యి ముందుకొచ్చింది. దాని గాజులు వేరు. దొడ్డమ్మ తలెత్తి చూసింది.

"ఎవర్తివే నువ్వు?"

"ఆకలేస్తన్నాది" అంది ఆ పిల్ల.

"నువ్వు మా గుంటవి కావు కదే. మరెందుకొచ్చావే?"

"నా సెయ్యట్టుకు లాక్కొచ్చీసినారు."

పట్టుకుంది మా మేనత్త పెద్దకూతురు. తన వంతు చెయ్యి, అంటే నాది, జారిపోయిందని వెతుక్కుని, పసుపు గౌను కనబడగానే పట్టేసుకుంది. మొహం ఎవరు చూస్తారు? మొహం చూసే అవసరం లేకుండానే కదా ఒకే గుడ్డ తొడిగింది.

ఆ సమయానికి నేను అద్దాల గుడారంలో ఉన్నాను. పొట్టిగా, పొడుగ్గా, లావుగా చూపించే వంకర అద్దాలు. ఎటు చూసినా పసుపు గౌన్లే. మావాళ్ళందరూ లోపలే ఉన్నారనుకుని నిశ్చింతగా నవ్వుకుంటూ నిలబడ్డాను. గుడారంవాడు ఇంక బయటికి నడవమంటే, వచ్చి చూద్దును కదా, ఒక్క గౌనూ లేదు. ఎవరో నన్ను మైకు పెట్టిన పందిరి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక తల్లి పసుపు గౌను తొడుక్కున్న కూతురి కోసం గుండెలు బాదుకుంటోంది. నన్ను చూడగానే ఒక్క ఉరుకున వచ్చి, గడ్డం పట్టుకుని నా మొహం పైకెత్తి చూసి, అంతకు రెట్టింపు ఏడ్చింది. నాకు అప్పుడు భయం వేసింది. నా మొహంలో ఏదో తప్పుందనుకున్నాను.

దొడ్డమ్మ పక్క స్టేషన్లో ఆ పిల్లతో దిగిపోయింది. మిగతా పదిమందినీ అత్తకి అప్పజెప్పి, రోడ్డెక్కి, గోనె బస్తాల లారీని ఆపి, ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని వెనక్కి వచ్చింది. పొద్దు కుంకుతుండగా పందిట్లోకి వచ్చింది. ముడి ఊడిపోయి ఉంది, ఒక కాలికి చెప్పు లేదు. ఆ తల్లీ కూతురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. దొడ్డమ్మ నా దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి వెయ్యలేదు, లెక్కపెట్టలేదు. నా మొహంలోకి చూసి, "బుల్లీ" అంది.

"ఉన్నాను దొడ్డమ్మా" అన్నాను.

అక్కడే నేల మీద కూచుని ఏడ్చింది. "లెక్క సరిపోయినాదే. గుంట సరిపోలేదు" అంటూ ఏడ్చింది. కూతుర్ని వెతకబోయి అప్పుడే తిరిగొచ్చాడు ఆ పిల్ల తండ్రి, మా కొట్లో పసుపు గుడ్డ కొన్న రైతే. నన్ను గుర్తుపట్టి, "ఈ గుంటేనమ్మా నాకా గుడ్డ కొనిపించింది" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. దొడ్డమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది. "నా కొంప ముంచి నా కొట్టు నిలబెట్టినావేటే?" అని, ఏడుస్తూనే నవ్వింది. ఏడుపూ నవ్వూ ఒకే మొహంలో నేను చూడ్డం అదే మొదలు.

ఇంటి దగ్గర మాత్రం మా నాయనమ్మ ఆవిడని వారం రోజులు మాటలతో పొడిచింది. మా అమ్మ ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు మాత్రం, "బుల్లిని పంపనక్కా" అంది. దొడ్డమ్మ వాదించలేదు. కొట్లోకి వెళ్ళి ఆ ఏటి తాను అంచు పొడుగ్గా చింపుకొచ్చి, ఒక కొస నా మణికట్టుకి, రెండో కొస తన మణికట్టుకి కట్టి, మా అమ్మ ముందు నిలబడింది. "ఇది ఊడితే నా సెయ్యి ఊడినట్టే. పంపు" అంది. మా అమ్మ నవ్వేసింది. తీర్థంలో ఆ రోజంతా నేనెక్కడికెళితే ఆవిడ అక్కడికి రావలసి వచ్చింది. ఎత్తంటే వణికే మనిషి, నా మూలాన జెయింట్ వీల్ కూడా ఎక్కింది. పైకి వెళ్ళాక కళ్ళు గట్టిగా మూసుకుని, "ఊరు కనబడతందేటే?" అని అడిగింది. మన కొట్టు కనబడతోందని చెప్పాను. "మీ పెదనాన్న ఏటి సేస్తన్నాడు?" అంది. గుడ్డ కొలుస్తన్నాడన్నాను.

ఆ ఏటి నుంచీ లెక్కపెట్టడం మానేసింది. పేర్లు పిలవడం మొదలెట్టింది. రైలెక్కేముందు, దిగాక, మళ్ళీ ఎక్కేముందు. పిలిచినవాళ్ళు, ఏ వరసవాళ్ళైనా సరే, "ఉన్నాను దొడ్డమ్మా" అనాలి. అంటే సరిపోదు, మొహం చూపించాలి. వయసు ప్రకారం కాదు, మొదటి పేరు నాది. ఎందుకని మా పెద్దన్నయ్య పేచీ పెడితే, "నువ్వూ తప్పిపో, నీ పేరూ ముందెడతాను" అంది. ఆఖరి పేరు పెదనాన్నది. మొగుడి పేరు నోట పలకదు కదా, "మీ పెదనాన్న" అని పిలిచేది. "రాలేదూ" అని మేమంతా ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం. ఆయనకీ ప్రతి ఏడూ ఒక చొక్కా కుట్టించేది. ఆయన ప్రతి ఏడూ దాన్ని మడత పెట్టి బీరువాలో పెట్టేవాడు. "రాడని తెలిసి ఎందుకు పిలుస్తావు దొడ్డమ్మా?" అని ఒకసారి అడిగాను. "రాడని పిలవడం మానీసేననుకో, రావాలన్న మాట ఆయన మరిసిపోడేటి?" అంది.

మేం పెళ్ళిళ్ళయి చెల్లాచెదురయ్యాం. దొడ్డమ్మ ఆపలేదు. పదకొండు మంది పిల్లలూ పెద్దవాళ్ళయిపోయి, పిల్లల పిల్లలు వచ్చారు. అందరికీ ఒకే తాను, అదే మాట. రెడీమేడ్ల రోజులొచ్చి కొట్లో తానులు తగ్గిపోయాయి గానీ, ఎవరూ కొనని గుడ్డకు మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు. నేను కొన్నేళ్ళు వెళ్ళాను, కొన్నేళ్ళు ఎగ్గొట్టాను. ఎగ్గొట్టిన ఏడు కూడా నా పేరు మొదట పిలిచేదని, ఎవరూ పలక్కపోతే ఒక్క క్షణం ఆగి రెండో పేరుకి వెళ్ళేదని తమ్ముడు చెబితే తెలిసింది. ఆ ఒక్క క్షణం గురించి ఇప్పుడు తరచూ ఆలోచిస్తున్నాను.

పన్నెండో రోజు భోజనాలయ్యాక పెదనాన్న లోపలినుంచి ఒక మూట తెచ్చి మా మధ్యన పెట్టాడు. విప్పితే ఈ ఏటి గుడ్డ. మెంతికూర రంగు మీద గులాబీ గొడుగులు. పంతొమ్మిది మందికి పంతొమ్మిది ముక్కలు కోసి, మడతపెట్టి, ఒక్కోదానికి చీటీ గుచ్చి ఉంది. పైన మడత నాది. చీటీ మీద ఆవిడ రాత. "బుల్లి. కొలత పంపలేదు. లావయ్యుంటాది. అర మీటరు ఎక్కువేసేను." చీటీ చదివి, నవ్వబోయి, అందరి ముందూ గట్టిగా ఏడ్చేశాను. మా అమ్మ పోయినప్పుడు కూడా నేనలా ఏడవలేదు.

"ఏడాది మైల. పండగలూ తీర్థాలూ ఎలగెల్తారు?" అన్నారు బంధువుల్లో ఒక పెద్దావిడ. అందరూ అవునన్నట్టు తలలూపారు. సూస్తాన్లే అన్నదాన్ని, ఇప్పుడు పదండని ఏ మొహంతో అంటాను? పెదనాన్న గొడుగుల గుడ్డ మీద చెయ్యి రాస్తూ కూచున్నాడు.

"గుడికెల్లొద్దన్నారు. ఎల్లం" అన్నాడు చివరికి. "జెయింటు వీలు ఎక్కొద్దని ఎవులన్నారు? ఇది పండగ కాదు. ఆ మనిసి సగం సేసి ఒగ్గీసిన పని. కోసిన గుడ్డ కొట్లో ఉంచకూడదు. అందరూ కుట్టించుకోండి, ఎల్లండి."

"మీరూ రండి పెదనాన్నా" అన్నాను.

"కొట్టెవులు సూస్తారు?" అన్నాడు. అదే మాట, నలభై ఏళ్ళుగా. ఇంక బతిమాలలేదు.

పోయిన ఆదివారం పొద్దున్న గజపతినగరం స్టేషన్లో చేరాం. అందరం మెంతికూర రంగులో ఉన్నాం. ఒక్కరూ కొత్త చెప్పులు వేసుకోలేదు. అర మీటరు ఎక్కువ వేసినా నా జాకెట్టు చంకల కింద పట్టేసింది. ఆవిడ అంచనా మొదటిసారి తప్పింది. పెదనాన్న ముందు రోజు ఇచ్చిన కాగితం నా చేతిలో ఉంది. దొడ్డమ్మ రాసుకున్న పేర్ల వరస అది, మడతల దగ్గర చిరిగిపోతోంది. రైలు వచ్చేలోపు పిలవాలి.

"బుల్లి" అని చదివాను.

ఎవరూ పలకలేదు. ఎవరు పలుకుతారు? పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అక్కా, అది నువ్వే కదా" అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఉన్నాను దొడ్డమ్మా" అన్నాను. సూస్తాన్లే అన్న మాటకి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.

మిగతా పేర్లు పిలిచాను. ఒక్కొక్కరూ పలికి మొహం చూపించారు. చిన్నవాళ్ళు ఎవరికి చూపించాలో తెలీక నాకే చూపించారు. దూరాన రైలు కూత వినబడింది. కాగితం అడుగున మిగిలిన ఆఖరి పేరు కూడా, అలవాటు కొద్దీ చదివేశాను.

"మీ పెదనాన్న."

"రాలేదూ" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

"వచ్చేనర్రా" అని వెనక నుంచి వినబడింది.

అందరం వెనక్కి తిరిగాం. పెదనాన్న స్టేషను గుమ్మం దగ్గర స్తంభం పట్టుకుని ఆయాసపడుతున్నాడు. గులాబీ గొడుగుల చొక్కా తొడుక్కున్నాడు, పై గుండీ పెట్టుకోలేదు. రెండో చేతిలో కొట్టు తాళాలు ఉన్నాయి. దొడ్డమ్మ రాసిన చీటీ ఆ చొక్కా జేబుకి మళ్ళీ గుచ్చి ఉంది, గాలికి కొట్టుకుంటోంది.